ఇంట్లోనే ఉంటావుగా!

పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నానని తెలిసిన రోజు నుంచీ మా చుట్టాలందరి లెక్కలో నేను ఖాళీ. "ఇంట్లోనే ఉంటావుగా, మా కొరియర్ వస్తే తీసుకో." "ఇంట్లోనే ఉంటావుగా, మా బుడ్డాణ్ణి ఓ గంట చూడు." ఉంటాను, నిజమే. రాజమండ్రిలో మూడు గదుల వాటా. అత్తయ్యగారు, మా ఆయన, ఏడేళ్ళ పెద్దది, నాలుగేళ్ళ చిన్నోడు. పనిమనిషి లేదు. ఆరింటికి కుళాయి వస్తుంది, ఏడింటికి పోతుంది. ఖాళీ ఎక్కడుందో వాళ్ళే వచ్చి వెతికి పెడితే బాగుండు.

ఎందుకు మాన్పించామంటే, ఒకటో క్లాసులో పాపకి రోజూ కాపీరైటింగ్ మూడేసి పేజీలు ఇచ్చేవారు. పెన్సిల్ పట్టుకునే నిద్రపోయేది. పొద్దున్న ఏడుంపావుకల్లా వ్యాను. ఏడాది చూశాం, ఆపేశాం. అందరూ ఇలాగే చెయ్యాలని నేననను. ఇద్దరూ ఉద్యోగాలకి పోయే ఇంట్లో ఇది కుదిరే పని కాదు. మేమైనా ఒక్క జీతంతో నెట్టుకొస్తున్నాం కాబట్టీ, పెద్దావిడ తోడున్నారు కాబట్టీ సాగుతోంది.

ఆ పెద్దావిడే మొదట అడ్డుపడ్డారు. "ఆడపిల్లకి చదువు మాన్పించేస్తావా అమ్మాయ్?" అన్నారు. ఆవిణ్ణి ఐదో క్లాసుతో మాన్పించారు. ఆ మాటలో కోపం కన్నా భయమే ఎక్కువని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది.

ఆవిడ భయం పోగొట్టడానికే నేను చట్టం చదివాను. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యతని పదో సెక్షన్ అంటుంది. అలా చేర్చకపోతే తల్లిదండ్రులకి ఫలానా శిక్ష అని మాత్రం ఎక్కడా రాయలేదు. ఇంటి చదువు ఊసే అందులో లేదు. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. కానీ నాలుగో సెక్షన్ నాకు ధైర్యం ఇచ్చింది. బడికి దూరమైన పిల్లల్ని తర్వాతెప్పుడు తీసుకొచ్చినా వాళ్ళ వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలట. ఇక పరీక్షలంటారా, పద్నాలుగేళ్ళు నిండితే జాతీయ ఓపెన్ స్కూల్, అదే ఎన్‌ఐఓఎస్, ద్వారా పదో తరగతి రాయొచ్చు. ఇవన్నీ చదివి వినిపిస్తే అత్తయ్యగారు, "అయితే తలుపు తీసే ఉందన్నమాట" అని తమలపాకు అందుకున్నారు.

మొదటి నెల నేను చేసిన తెలివితక్కువ పని గోడకి టైంటేబుల్ అంటించడం. తొమ్మిది నుంచి మూడు దాకా, నలభై నిమిషాలకో పీరియడ్. మధ్యలో "ఇంటర్వెల్" అని ఎర్ర స్కెచ్‌పెన్‌తో రాశాను కూడా. నాలుగో రోజు తెలుగు పీరియడ్లో ఒత్తులు చెబుతూ కుక్కర్ విజిళ్ళ లెక్క మర్చిపోయాను. పప్పు అడుగంటింది. రెండో పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. చిన్నోడు సింకు దగ్గర స్టూలెక్కి చొక్కాతో సహా తడిసిపోయాడు. నేను అరిచాను. పెద్దది పుస్తకం మూసేసి, "టీచర్లా అరవకమ్మా" అంది. దేన్నుంచి తప్పించాలని దాన్ని ఇంటికి తెచ్చుకున్నానో దాన్నే గోడకి అంటించుకున్నానని అప్పుడు తట్టింది. చార్టు చింపలేదు. వెనక వైపు తెల్లగా ఉంది కదా, పాలవాడి లెక్కకి పనికొచ్చింది.

ఇప్పుడు కూర్చుని చదివేది రోజుకి గంటంబావు, అంతే. పది నుంచి పదకొండుంబావు దాకా. ఆ కాసేపూ పొయ్యి మీద ఏదీ ఉండకూడదన్నది ఒక్కటే నియమం. బడిలో ఒక టీచరమ్మకి నలభైమంది. హాజరు, బారులు, దిద్దడాలు అన్నీ పోగా ఒక్కో పిల్లకి దక్కే నిమిషాలెన్నో లెక్కేస్తే నా గంటంబావు చిన్నదేం కాదు. పుస్తకాలు ప్రభుత్వ బడివే. ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో ఇంకో భాష ఉండేవి. ఇంగ్లీషు నేనూ మళ్ళీ నేర్చుకుంటున్నాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

మిగతా చదువు ఇంటి పనిలోనే దొరుకుతుంది. అలాగని ప్రతి పనినీ పాఠం చెయ్యబోతే పిల్లలు పారిపోతారు, అదీ చూశాను. దొరికినప్పుడు దొరుకుతుంది. మొన్న సంక్రాంతి ముందు అటక దులుపుతుంటే అత్తయ్యగారి పుట్టింటి ఇత్తడి కొలతలు బయటపడ్డాయి. గిద్ద, సోల, తవ్వ, మానిక. చింతపండుతో తోమించి ఆవిడే పెద్దదాని ముందు పెట్టారు. అది బియ్యం పోసి చూసుకుంది. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. మానికలో ఎన్ని గిద్దలని ఒక్కొక్కటే కొలిచి పదహారు అంది. "మానిక మీద అడ్డ, అడ్డ మీద కుంచం. అవి మా అన్నయ్య దగ్గరే ఉండిపోయాయి" అన్నారు అత్తయ్యగారు. పిల్ల కాసేపు ఉత్త చేతుల్తో కూర్చుంది. తర్వాత, "గిన్నె లేకపోతే ఏం నాన్నమ్మా, రెండింతలేగా! అడ్డకి ముప్ఫైరెండు, కుంచానికి అరవై నాలుగు" అంది. రెండో ఎక్కం నేను మూడు వారాలు వల్లె వేయించాను. అప్పుడు రానిది ఇత్తడి గిన్నెల్లోంచి వచ్చింది. ఈలోపు చిన్నోడు తవ్వెడు బియ్యం గదంతా చల్లాడు. ఏరడానికి ముప్పావుగంట పట్టింది. పన్నెండున్నరకి అన్నం పెట్టాల్సింది, ఒంటిగంటన్నర అయింది.

ఏదో ఒకటి వదిలేయక తప్పదు. మడతపెట్టని బట్టలు మా ఇంట్లో కుర్చీకి శాశ్వతంగా అద్దెకున్నాయి. ఫ్యాన్ రెక్కల సంగతి అడక్కండి. రాత్రి అంట్లు మా ఆయన తోముతారు, ఆదివారం లెక్కలు ఆయనవే. మొదట్లో ఇది "సాయం" అనేవారు. ఆ మాట ఇంకా పూర్తిగా పోలేదు కానీ అంట్లు మాత్రం పోతున్నాయి. చిన్నోడు ఇడ్లీకి గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల రవ్వ కొలిచి పోస్తాడు. పెద్దది కరివేపాకు దూస్తుంది. చదువుకుంటారని ఇవి చేయించడం లేదు. నాకు చేతులు చాలక.

మొన్న బుధవారం పదిన్నరకి ఫోన్ మోగింది. మా ఆడపడుచు. అత్తయ్యగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఎత్తారు. టైలర్ దగ్గర జాకెట్లు తేవాలట, వదిన ఇంట్లోనే ఉంటుందిగా అంటోందని ఇవతలికే వినిపిస్తోంది. "అది బళ్ళో ఉందే. పదకొండున్నరకి చెయ్యి" అని పెట్టేశారు.

పెద్దది నా వైపు చూసి నవ్వింది. నేను పుస్తకంలోంచి తల ఎత్తేలోపే అత్తయ్యగారు, "చారులోకి చింతపండు నానేశావా?" అన్నారు.

వెయ్యలేదు.