కాలేయానికి అందని కబురు

బల్లి తోక తెగితే మళ్ళీ మొలుస్తుందని మీకు తెలుసు. మన ఒంట్లోనూ ఇంచుమించు అలాంటి అవయవం ఒకటుంది. అదే కాలేయం.

1931లో అమెరికాలో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకల కాలేయంలో మూడింట రెండు వంతులు కోసి తీసేశారు. వారం, పది రోజుల్లో అది దాదాపు పూర్వపు బరువుకు వచ్చింది! అయితే కోసిన ముక్క తోకలాగా తిరిగి మొలవలేదు. మిగిలిన భాగమే పెరిగి ఆ లోటు పూడ్చింది.

ఎవరు చెబితే పెరిగింది? మామూలు రోజుల్లో కాలేయ కణాలు విభజన చెందకుండా తమ పని తాము చేసుకుంటూ ఉంటాయి. దెబ్బ తగలగానే పక్కనున్న కుప్ఫర్ కణాలు 'ఇంటర్‌ల్యూకిన్-6' అనే పదార్థాన్ని వదులుతాయి. అది ఒక కబురు. కాలేయ కణం పైపొరమీద దాన్ని అందుకునే గ్రాహకాలు ఉన్నాయి. అక్కణ్ణించి ఆ కబురు, చేతి నుంచి చేతికి ఇటుక అందించినట్టు, ఒక ప్రోటీను నుంచి మరో ప్రోటీనుకు మారుతూ కణకేంద్రకం చేరుతుంది. ఇలాంటి కబుర్లు మరికొన్ని కూడా అందాక కణం రెండుగా చీలుతుంది. కావలసినంత పెరిగాక ఆగిపోవడం మరీ విచిత్రం!

ఇక తాగుడు సంగతి. కల్లయినా, సారా అయినా, బ్రాందీ అయినా అందులోని ఆల్కహాలు ఒక్కటే. కాలేయం దాన్ని ముందు ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఇది విషం. ఏళ్ళ తరబడి రోజూ తాగితే ఇది కణంలోని ప్రోటీన్లకు అతుక్కుని వాటి పని చెడగొడుతుంది. పేగుల్లోని బాక్టీరియాల విషాలు కూడా గోడ దాటి, రక్తంతో కాలేయానికి చేరతాయి. కుప్ఫర్ కణాలు ఇక ఎడతెరిపి లేకుండా ప్రమాద సూచనలు పంపుతూనే ఉంటాయి. ఈ గోలలో అసలు కబురు సరిగా అందదు. చాలాకాలం ఆల్కహాలు పట్టించిన ఎలుకల్లో కాలేయం కోసి చూస్తే, కణవిభజన ఆలస్యంగా, మందకొడిగా సాగింది.

అంతేకాదు, విటమిన్ 'ఎ' దాచిపెట్టే నక్షత్ర కణాలు ఆ పని మానేసి నారపోగులు అల్లడం మొదలుపెడతాయి. ఆ పోగుల మధ్య చిక్కిన కణాలు పెరిగినా గడ్డలు గడ్డలుగానే పెరుగుతాయి; రక్తం సాఫీగా పారదు. దీన్నే సిర్రోసిస్ అంటారు. కాలేయం లోపల నొప్పి తెలిపే నరాలు లేవు గనుక, చాలామందికి ముదిరేదాకా ఏమీ తెలియదు. కొవ్వు పేరుకునే తొలిదశలోనే తాగుడు మానిన వారిలో మాత్రం చాలామందికి కొన్ని వారాల్లోనే ఆ కొవ్వు కరిగిపోతుంది.

బాగా ముదిరితే కాలేయ మార్పిడి తప్పకపోవచ్చు. బంధువులలో ఒకరు తన కాలేయంలో కొంత భాగం ఇవ్వవచ్చు. అప్పుడు దాతలో మిగిలిన ముక్కా, రోగికి అమర్చిన ముక్కా రెండూ కొద్ది నెలల్లో పెరుగుతాయి.