కాలేజీ చదువు, అప్పు, పాల బిల్లు

ఏటా ఇంటర్మీడియట్ ఫలితాలు, ప్రవేశ పరీక్షల ర్యాంకులు వెలువడగానే మన సంఘాల కార్యాలయాలకు ఒక రకం అర్జీలు వస్తుంటాయి. బ్యాంకులో చదువు ఋణానికి జతపరచుటకు పాల బిల్లు వివరాలు ఇప్పించమని సభ్యులు కోరతారు. కొన్ని ఇళ్ళ నుండి అర్జీ రాదు, పాలు రావడమే ఆగిపోతుంది. తనిఖీలో సేకరణ రిజిస్టరు చూసి కార్యదర్శిని విచారిస్తే, అబ్బాయి ఫీజు కోసం గేదెను అమ్మినట్లు తెలుస్తుంది.

పిల్లలను చదివించవద్దని మేము చెప్పబోవడం లేదు. మేము కూడా డిప్లొమా చదువుతోనే ఈ ఉద్యోగంలోకి వచ్చినవారమే. అయితే పశువును కొనేటప్పుడు ఎన్నో ఈత, పూటకు ఎన్ని లీటర్లు, ఎన్నాళ్ళు పాడి ఇస్తుంది అని పదిమార్లు విచారించే రైతు, అంతకు ఐదారు రెట్లు ఖర్చయ్యే డిగ్రీ విషయంలో ఒక్క ప్రశ్నయినా అడగకుండా సంతకం చేస్తున్నాడు. ఆ ప్రశ్నలేమిటో, ఆ లెక్క ఏమిటో వివరించుటకే ఈ వ్యాసం.

మొజంజాహీ మార్కెట్ చుట్టుపక్కల

చదువు ఖర్చు ఎల్లప్పుడూ ఒక్క ఇంటి అప్పుగానే ఉండేది కాదు. ఇందుకు సాక్ష్యాలు హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్‌కు దగ్గరలోనే ఉన్నాయి. 1935లో రాతితో కట్టిన ఈ మార్కెట్‌ను మన సభ్యులు చాలామంది అక్కడి ఐస్‌క్రీం దుకాణాల వల్ల ఎరుగుదురు. చుట్టుపక్కల ఉన్న మరి మూడు చోట్లను గూర్చి కూడా తెలుసుకోవాలి.

అబిడ్స్‌లో రెడ్డి హాస్టల్ కలదు. తరువాతి కాలంలో నగర కొత్వాలుగా ప్రసిద్ధులైన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారి చొరవతో 1918లో ఇది ఏర్పడింది. పల్లెల నుండి వచ్చే విద్యార్థులకు పట్నంలో తిండి, వసతి దొరకక చదువు ఆగిపోకూడదని దాతలు విరాళాలు వేసుకుని నడిపిన సంస్థ ఇది. సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నాటిది. కొనలేని పుస్తకాన్ని పదిమందీ చదువుకొనేందుకు ఏర్పడిన గ్రంథాలయం అది. ఇక నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం సంగతి. ఉస్మానియా పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రారంభించిన నుమాయిష్ 1946లో ఇక్కడికి మారింది. దాని ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలను నడుపుతున్నది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఆ మైదానం దగ్గరే ఉన్నాయి. నుమాయిష్‌లో టిక్కెట్టు కొన్న ప్రతివాడూ ఎవరో ఒక అమ్మాయి చదువులో పాలు పంచుకున్నట్లే.

ఈ మూడింటిలోనూ ఉన్న సూత్రం ఒక్కటే. ఒక్కరు మోయలేని బరువును పదిమంది పంచుకున్నారు. మన పాల సంఘాల సూత్రం కూడా అదే కదా!

ఖర్చు తిరిగి ఇంటి మీదికి వచ్చిన విధం

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన తరగతులకు, పేద కుటుంబాలకు ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను విస్తరించింది. దీనివల్ల కాలేజీ గడప తొక్కని ఎన్నో ఇళ్ళలో మొదటిసారిగా ఇంజనీర్లు తయారైనారు. ఇది కాదనలేని మేలు. అదే సమయంలో కాలేజీలు కూడా విపరీతంగా పెరిగాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీల సంఖ్య 700 దాటింది. డిగ్రీ పట్టాలు పెరిగినంతగా ఉద్యోగాలు పెరగలేదు. చాలా కాలేజీలలో సీట్లు మిగిలిపోయి, కొన్ని మూతపడ్డాయి.

తెలంగాణలో ఇంజనీరింగుకు 10,000 లోపు ర్యాంకు గల అర్హులకూ, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకూ పూర్తి ఫీజు, మిగిలిన అర్హులకు ఏడాదికి 35,000 రూపాయల వరకు చెల్లించే పద్ధతి వచ్చింది. ఫీజు అంతకు మించితే తేడాను తల్లిదండ్రులే కట్టుకోవాలి. పైగా ప్రభుత్వ సొమ్ము ఆలస్యమవుతూ వచ్చింది. ఆ బకాయిల కోసమే 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. సొమ్ము రాలేదని సర్టిఫికెట్లు ఆపితే, బయట వడ్డీకి తెచ్చి కట్టి విడిపించుకొన్న తల్లిదండ్రులూ ఉన్నారు.

అప్పు లెక్క

బ్యాంకుల చదువు ఋణానికి 2001 నుండి ఒక నమూనా పథకం ఉన్నది. సాధారణంగా 4 లక్షల వరకు తనఖా అడగరు. తల్లి గాని తండ్రి గాని ఉమ్మడి ఋణగ్రహీతగా సంతకం చేయాలి. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి హామీ కోరతారు. చదువుకునే కాలంలోను, ఆపైన ఒక ఏడాది వరకు వాయిదాలు కట్టనక్కరలేదు. చాలామంది పొరపడేది ఇక్కడే. వాయిదాకు విరామం ఉన్నది గాని వడ్డీకి విరామం లేదు.

ఉదాహరణకు నాలుగేళ్ళ చదువుకు ఏడాదికి లక్ష చొప్పున 4 లక్షలు, 10 శాతం వడ్డీకి తీసుకున్నామని అనుకుందాం. చదువు ముగిసి విరామం దాటేసరికి మొదటి లక్ష మీద 50 వేలు, రెండవ దాని మీద 40 వేలు, మూడవ దాని మీద 30 వేలు, నాలుగవ దాని మీద 20 వేలు, వెరసి లక్షా నలభై వేల వడ్డీ చేరుతుంది. అప్పు 5 లక్షల 40 వేలు అవుతుంది. దీనిని ఏడేళ్ళలో తీర్చాలంటే నెలకు సుమారు 8,965 రూపాయలు కట్టాలి. మొత్తం చెల్లింపు ఏడున్నర లక్షలు దాటుతుంది.

దీనిని పాలలో కొలిచి చూద్దాం. లీటరుకు 40 రూపాయలు వస్తే నెలకు 224 లీటర్లు, అనగా రోజుకు ఏడున్నర లీటర్లు, ఏడేళ్ళ పాటు! మేత, దాణా ఖర్చు ఇందులో లెక్కించలేదు. పైగా గేదె ఈతకూ ఈతకూ మధ్య కొన్ని నెలలు వట్టిపోతుంది. బ్యాంకు వాయిదా ఎన్నడూ వట్టిపోదు.

అదే అప్పుకు చదువు కాలంలోనే వడ్డీ కట్టుకుంటూ పోతే? మొదటి ఏడాది నెలకు 833 రూపాయలు, అనగా రోజుకు ముప్పావు లీటరు కంటే తక్కువ. నాలుగవ ఏడాదికి 3,333 రూపాయలు, రోజుకు మూడు లీటర్ల లోపు. తరువాత వాయిదా 6,640కి తగ్గుతుంది. మొత్తం మీద సుమారు 55 వేలు మిగులుతుంది. గేదెను అమ్మితే ఒక ఏడాది ఫీజు వస్తుందేమో గాని, మిగతా మూడేళ్ళకు చేతిలో పాలుండవు. కనుక పాడి పశువును అమ్మి ఫీజు కట్టడం కంటె, పశువును నిలుపుకొని వడ్డీ కట్టడం మేలు.

ఏటా నాలుగున్నర లక్షల లోపు ఆదాయం గల కుటుంబాలకు, అర్హతగల సంస్థలలో వృత్తి, సాంకేతిక కోర్సులకు విరామకాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009 నుండి కలదు. 2024 నవంబరులో ఆమోదం పొందిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం క్రింద, ఎంపికచేసిన సంస్థలలో చేరినవారికి హామీ లేకుండా ఋణం, 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు 10 లక్షల వరకు ఋణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఇవ్వాలని నిర్ణయించారు. ఆదాయ ధృవపత్రంతో అడిగినవారికే ఇవి దక్కుతాయి.

వాయిదాలు తప్పితే అది కొడుకు పేరునే కాక, సంతకం చేసిన తండ్రి పేరున కూడా ఋణ చరిత్రలో నమోదవుతుంది. రేపు గేదెల ఋణానికి వెళ్ళినప్పుడు ఆ మచ్చ అడ్డు వస్తుంది.

డిగ్రీకి ఆ విలువ ఉన్నదా?

కొన్నింటికి ఉన్నది, కొన్నింటికి లేదు. చేరబోయే ముందు మూడు సంగతులు విచారించాలి. గత రెండు, మూడేళ్ళలో ఆ కాలేజీలో, ఆ బ్రాంచిలో చదివినవారు ఇప్పుడు ఏమి చేస్తున్నారు? ప్రకటన పత్రాన్ని నమ్మక, మీ మండలం నుండి వెళ్ళిన విద్యార్థులనే అడగండి. ఫీజు కాక హాస్టలు, పుస్తకాలు, ప్రయాణం కలిపి ఏడాదికి ఎంత? పుస్తకాల మట్టుకు ఆదివారం అబిడ్స్ కాలిబాటల మీద పాతవి చవకగా దొరుకుతాయి. మూడవది, అదే ఫలితానికి తక్కువ ఖర్చు దారి ఉన్నదా?

తరచుగా ఉంటుంది. పదవ తరగతి తరువాత పాలిసెట్ వ్రాసి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చేరితే స్వల్ప ఫీజుతో మూడేళ్ళలో డిప్లొమా వస్తుంది. ఇంకా చదవదలచినవారు ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చును. మన వృత్తికి దగ్గరైన పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లు, కామారెడ్డిలోని డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉన్నాయి. డిప్లొమా అంటే తక్కువ చదువనే చిన్నచూపు వల్ల అప్పు పాలైన ఇళ్ళను మేము చూస్తున్నాము.

సంఘాలు చేయదగినవి

పాలకవర్గాలు ఏటా ఏప్రిల్, మే నెలలలో ఒక సమావేశం జరిపి, చదువు ఋణం లెక్కను సభ్యులకు బోర్డు మీద వేసి చూపాలి. సభ్యుడు కోరితే పాల బిల్లు నుండి వడ్డీ మేరకు మినహాయించి బ్యాంకుకు పంపే ఏర్పాటును బ్యాంకుతో మాట్లాడి చేయవచ్చును. గేదెల ఋణ వాయిదాలకు ఈ పద్ధతి మనకు అలవాటైనదే. నికర లాభంలో చట్టం, ఉపనియమాలు అనుమతించిన మేరకు చదువు సాయానికి కొంత కేటాయించే విషయం సర్వసభ్య సమావేశం ముందుంచాలి. సహకార బ్యాంకుల ఋణ నిబంధనలను జిల్లా సహకార కేంద్ర బ్యాంకులో అడిగి తెలుసుకొని నోటీసు బోర్డుపై ఉంచాలి.

ఈ వ్యాసాన్ని కార్యదర్శులు పాల సేకరణ వేళ సభ్యులకు చదివి వినిపించవలసినదిగాను, చదువు కోసం పశువును అమ్మదలచిన సభ్యుడు ఎవరైనా ఉంటే ముందుగా అతనితో కూర్చుని పై లెక్క వేయించవలసినదిగాను కోరుతున్నాము.