88 మీటర్ల నీటి తాడు

బ్రెజిల్‌లోని పారా రాష్ట్రం 2024లో మహావృక్షాల కోసమే ఒక పార్కును ప్రకటించింది. అక్కడి ఆంజెలిం వెర్మెల్యో చెట్టొకటి 88.5 మీటర్లుందని 2019లో లేజర్ కొలతల్లో తేలింది. అమెజాన్ అడవిలో అంతకన్నా ఎత్తైనది ఇంతవరకు దొరకలేదు. శాస్త్రనామం డినిజియా ఎక్సెల్సా. మన తుమ్మకు, జమ్మికి, అత్తిపత్తికి చుట్టమే. పరిచయం ఇంతే చాలు, ఎందుకంటే ఒక పాఠకురాలి ప్రశ్న నన్ను నిలవనీయడం లేదు: పంపు లేకుండా ఆ చిటారు కొమ్మకు నీళ్లెలా ఎక్కుతాయి?

గాలి ఒత్తిడి నీటిని పది మీటర్లకు మించి ఎత్తలేదు. గట్టున పెట్టిన మోటారు అంతకన్నా లోతు బావిలోంచి నీళ్లు పీల్చలేదని రైతులకు తెలుసు. పోనీ, సన్నని నాళంలో నీరు తనంతట పైకెక్కే కేశనాళికత అందామా? మిల్లీమీటరులో పదోవంతు వ్యాసమున్న నాళంలో అది ఎత్తేది 30 సెంటీమీటర్లే.

కాండంలోని జీవకణాలే నీటిని తోడుతున్నాయని చాలామంది నమ్మారు. 1891లో జర్మన్ శాస్త్రవేత్త స్ట్రాస్‌బర్గర్ ఒక ఓక్ చెట్టును కోసి, మొదలును విషద్రావణంలో నిలబెట్టాడు. దారిలోని కణాలన్నీ చచ్చినా ద్రావణం ఆకుల దాకా ఎక్కింది! అయినా మన జగదీశ్ చంద్ర బోస్ 1923లో, కాండంలో స్పందించే కణాలే నీటిని పైకి నెడుతున్నాయని ఏకంగా ఒక పుస్తకం రాశాడు. అత్తిపత్తి ముడుచుకోవడాన్ని అంత సూక్ష్మంగా చదివిన మనిషి ఇక్కడ పొరబడ్డాడు.

అసలు జవాబు డబ్లిన్‌లో శాస్త్రవేత్తలు డిక్సన్, జోలీ 1894లోనే చెప్పారు. పని చేస్తున్నది వేరు కాదు, ఆకు. ఎండకు ఆకు లోపలి కణాల గోడల్లోంచి నీరు ఆవిరవుతుంది. ఆ గోడల్లోని సందులు ఎంత సన్నమంటే, వాటిలో నీటి ఉపరితలం లోపలికి వంగి వెనకున్న నీటిని బలంగా లాగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి వదలవు. పైన లాగితే, వేరు దాకా ఉన్న నీరంతా చేదతాడులా బిగుసుకుని కదులుతుంది. 88 మీటర్లకు బరువొక్కటే తొమ్మిది వాతావరణాల లాగుడు కోరుతుంది, రాపిడి దానికి అదనం. అంటే పైకొమ్మల్లో నీటి పీడనం సున్నా కన్నా తక్కువ! వాయువులకిది అసాధ్యం, ద్రవాలకు సాధ్యం. 1965లో శాస్త్రవేత్త షోలాండర్ బృందం ఎత్తైన ఫర్ చెట్ల రెమ్మల్ని తుపాకీతో కొట్టి దించి మరీ దీన్ని కొలిచింది.

మధ్యలో గాలిబుడగ చొరబడితే తాడు తెగుతుంది. అందుకే కాండంలో నీరు ఎక్కే నాళానికీ నాళానికీ మధ్య పలుచని పొరలున్నాయి. అవి నీటిని పోనిస్తాయి, బుడగను మామూలుగా అక్కడే ఆపేస్తాయి. ఇంత ఎత్తిపోతకూ చెట్టు పెట్టే ఖర్చు దాదాపు లేదు, శక్తంతా సూర్యుడిదే.

ఈ చెట్టు వల్ల ఉపయోగమేమిటని అడిగేవాళ్లుంటారు. దీని కలప బరువైనది, త్వరగా పుచ్చదు. అందుకని వంతెనలకూ రేవు కట్టడాలకూ ఈ చెట్లను నరుకుతున్నారు. నాకది మింగుడుపడదు.