సేనాస్థావరము చెంత ఇల్లును బాటయు

ఒక ప్రాంతమున సేనాస్థావరము వెలయుననియో, ఉన్న స్థావరము విస్తరించుననియో వార్త పుట్టగానే భూమి వెల పెరుగును. సేద్యముకంటె ఇల్లు కట్టి బాడుగకిచ్చుట మేలను మాట ఊరూర వినవచ్చును. వెనువెంటనే ఋణముల కొరకు దరఖాస్తులు మన సంఘముల బల్లమీదికి చేరును. ఈ యాశ బొత్తిగా నిరాధారమని చెప్పుట మా యుద్దేశము కాదు. వేలకొలది జనము వచ్చి చేరినచోట వారికి ఇండ్లు కావలయును, పాలు కావలయును, కూరగాయలు కావలయును. అయినను ఇల్లు కట్టదలచినవాడు ముందుగా రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ యింట ఎవరు, ఎంతకాలము కాపురముందురు? వారు ఏ త్రోవను పనికి పోయి వత్తురు? ఈ రెండు ప్రశ్నలకును దక్షిణ కొరియాలోని వరిరైతుల సీమ చక్కని సమాధానము చెప్పుచున్నది. కావున ఆ వృత్తాంతమును మన సభ్యుల యెదుట నుంచుచున్నాము.

కొరియా రాజధానియగు సియోల్ నగరమునకు దక్షిణముగా సుమారు 65 కిలోమీటర్ల దూరమున ప్యోంగ్‌టేక్ అను పట్టణము కలదు. జపాను వారి పాలనలో అచ్చటి వరిమళ్ల నడుమ నొక విమానస్థలము ఏర్పడెను. 1950లో ఆరంభమైన కొరియా యుద్ధమున అమెరికా సేనలు దానిని బాగుచేసి వాడుకొనెను. 1962లో దానికి క్యాంపు హంఫ్రీస్ అను పేరు వచ్చెను. 2004లో ఉభయ ప్రభుత్వములును ఒడంబడిక చేసికొని, సియోల్ నడిబొడ్డుననున్న యోంగ్సాన్ దండును ఇచ్చటికి తరలింప నిశ్చయించెను. సుమారు 1,200 ఎకరముల స్థావరము దాదాపు 3,500 ఎకరములకు పెరిగెను. వ్యయము వేయి కోట్ల డాలర్లకు మించెను. అందు పదింట తొమ్మిది పాళ్ల వరకు కొరియా ప్రభుత్వమే భరించెను. పల్లపు భూమి యగుటచే, ముంపు తగులకుండ మళ్లపై మన్ను పోసి మెరక చేసిరి.

అట్లు చేరిన నేల దేచురి మొదలగు గ్రామముల రైతులది. వారిలో వృద్ధులు కొందరు యుద్ధకాలమున ఈ స్థావరము కొరకే పాత యూరు విడిచి, సముద్రపు పోటు తగులు బురదనేలకు గట్లు వేసి మళ్లుగా మార్చుకొన్నవారు. రెండవమారు లేచిపోజాలమని వారు 2004 సెప్టెంబరు మొదలుకొని 935 దినములు, రాత్రివేళ క్రొవ్వొత్తులు వెలిగించి సభలు జరిపిరి. 2006 మే 4వ తేదీన వేలకొలది పోలీసులు వచ్చిరి. రైతులు తమ యుద్యమమునకు నెలవుగా చేసికొనిన పాఠశాలను కూల్చివేసిరి. 2007లో మిగిలిన కుటుంబములును ఊరు విడిచెను. వారికి పరిహారము ముట్టెను. వేరొకచోట ఇండ్లు కట్టుకొనిరి. కాని మళ్లు మరల రాలేదు. స్థావరము వలన ఊరికి లాభము కలిగినదని లెక్క వేయునప్పుడు ఈ పద్దును మరువరాదు.

ఇక ఇండ్ల సంగతి. విదేశమున వెలుపల కాపురముండు అమెరికా సైనికునకు ప్రభుత్వము హోదానుబట్టియు, ప్రదేశమునుబట్టియు ఒక పరిమితి నిర్ణయించి, ఆ పరిమితికి లోబడి అసలు బాడుగను చెల్లించును. బేరమాడి తగ్గించుకొన్నను సైనికుని చేతిలో మిగులునది లేదు. కావున బాడుగలు ఆ పరిమితి యంచు వరకు పాకుట సహజము. ఇంటి యజమానికి ఇది కామధేనువువలె తోచును. అయితే ఆ పరిమితిని నిర్ణయించువారు వేరొక దేశపు కార్యాలయమున నున్నారు. వారు దానిని తగ్గించిననాడు ఊరి యజమానులందరి రాబడియు ఒక్కమారే తగ్గును. చీడ పట్టినప్పుడు ఒకే పంట వేసిన ఊరు పడు పాటు ఎట్టిదో మనకు తెలియనిది కాదు.

పైగా, వచ్చెదమన్నవారు చెప్పిన గడువునకు రాకపోవచ్చును. తరలింపు 2008 నాటికి ముగియవలెనని మొదటి యేర్పాటు. గడువు మాటిమాటికి జరిగి, అమెరికా సేనల ప్రధాన కార్యాలయము అచ్చట 2018 జూన్ 29వ తేదీన గాని తెరువబడలేదు. 2008ని నమ్మి అప్పుచేసి కట్టిన యింటికి అద్దెదారు ఆలస్యముగా రావచ్చును గాని, అప్పుమీది వడ్డీ ఆలస్యము చేయదు. మరియొక మార్పు కూడ జరిగెను. 2015 నుండి ఒక సేనావిభాగమును శాశ్వతముగా నుంచుటకు మారుగా, తొమ్మిదేసి నెలలకు ఒక విభాగము వచ్చి పోవు పద్ధతి ప్రవేశపెట్టిరి. అట్లు వచ్చువారు భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని రారు. దండులోని బారకాసులలోనే యుందురు. స్థావరము లోపలనే కుటుంబముల కొరకు ఎత్తైన మేడలును లేచినవి. కావున స్థావరము పెరిగినంత మాత్రమున వెలుపలి యిండ్లకు గిరాకి అంతే పెరుగునని నమ్మరాదు.

రెండవ ప్రశ్న త్రోవను గూర్చినది. దండు తరలిపోగా, సియోల్ నగరమున కాపురముండి దానిలో కొలువు చేయుచుండిన కొరియా వారికి ఊరు మారుటయో, దినదినము దూరప్రయాణము చేయుటయో తప్పలేదు. రాజధాని విద్యుత్ రైలుమార్గము 2005లో ప్యోంగ్‌టేక్ మీదుగా పొడిగింపబడియుండుటయు, 2016 డిసెంబరులో వేగరైలు వచ్చుటయు వారికి కొంత ఊరట. అయినను రైలు స్టేషను స్థావరపు వాకిటనుండదు. అచ్చటి నుండి బస్సో, కారో పట్టవలసినదే. స్థావరపు ద్వారమున ప్రతి బండిని నిలిపి తనిఖీ చేయుదురు. అందుచే బాట ఎంత వెడల్పైనను, ద్వారము మ్రింగగలిగినన్ని బండ్లే ముందుకు సాగును. తక్కినవి బాటమీదనే బారులు తీరును. అదే బాటను సంతకు కూరగాయలు తీసికొనిపోవు రైతును, బడికి పోవు పిల్లలును నడువవలసియుండును.

త్రోవ విషయమున మన తెలుగునాటనే నిదర్శనము కలదు. సికింద్రాబాదు దండు 1806లో హైదరాబాదు నగరమునకు వెలుపల వెలసెను. కాలక్రమమున నగరము పెరిగి దానిని చుట్టుముట్టెను. భద్రత కొరకు దండులోని కొన్ని బాటలను మూసినప్పుడెల్ల ఆవలి నివాసులు చుట్టుదారిని పోవలసివచ్చెను. 2018 మే నెలలో రక్షణశాఖ కంటోన్మెంట్లలో మూసిన బాటలను తెరువవలసినదని దేశమంతటికి ఉత్తర్వు చేసెను. రాజీవ్ రహదారిపైనను, నాగపూరు రహదారిపైనను వంతెన దారులు వేయుటకు దండు భూమి విషయమున అనుమతి 2024లో గాని లభింపలేదు. ముందుగా అడుగని బాటను పిమ్మట సాధించుట ఎంత కష్టమో దీనివలన తేటపడును.

విశాఖపట్టణమునకు దక్షిణముగా, అనకాపల్లి జిల్లా రాంబిల్లి తీరమున మన నౌకాదళము క్రొత్త స్థావరమునకు పూనుకొన్నది. దేశరక్షణకు స్థావరములు వలసినవే. వాని చెంత బ్రతుకువారు జాగ్రత్తగా నుండుటయు వలసినదే. అట్టి ప్రాంతముల సభ్యులకు మా మనవి మూడు మాటలు.

మొదటిది: ఇల్లు కట్టుటకు ముందు స్థలమును గూర్చి విచారింపుడు. 1903 నాటి రక్షణకట్టడముల చట్టము ననుసరించి, ప్రభుత్వము ప్రకటించిన మేరలో కట్టడములకు నిర్బంధములు కలవు. మధ్యవర్తి మాటను నమ్మి కొన్న స్థలమున పునాదియే వేయరాకపోవచ్చును.

రెండవది: ఋణమిచ్చు సంఘము ఒక్క పరీక్ష చేయవలెను. దండువారు లేనినాడు ఆ యూరి ఉపాధ్యాయుడో, వర్తకుడో ఈయగల బాడుగతో వాయిదా తీరునా? తీరునన్నచో ఋణమిచ్చుట క్షేమము. తీరదన్నచో, ఆ యింటి కొరకు పొలమును తాకట్టు పెట్టుకొనుట సభ్యునకు మేలు చేసినట్లు కాదు. ప్యోంగ్‌టేక్‌లో 2017లో సామ్‌సంగ్ వారి కర్మాగారము పనిచేయ నారంభించి, క్రొత్త కొలువులను తెచ్చెను. సైనికులకే గాక సామాన్య కుటుంబమునకును తగినట్లు కట్టిన యిల్లే ఇట్టి రెండవ గిరాకిని అందుకొనగలదు.

మూడవది: బాటల మాట మొదటనే లేవనెత్తవలెను. ఏ పుంతదారి మూతపడును, దానికి మారుగా ఏది వేయుదురు, బస్సు ఎచ్చట నిలుచును అను సంగతులను భూసేకరణ విచారణ జరుగునప్పుడే లిఖితపూర్వకముగా అడుగుడు. ఒక్కొక్కరు అడిగిన ఒక్కొక్క కాగితమగును; సంఘము తీర్మానించి అడిగిన ఊరి కోరిక యగును. రాబోవు సర్వసభ్య సమావేశమున గ్రామపటమును బల్లమీద పరచి, ఆ బాటలను ఒక్కొక్కటిగా గుర్తించుటతో ఈ పని నారంభింపవచ్చును.