కత్తికి తగిన ఒర

కత్తిని గూర్చి మాటలాడువారు పెక్కుమంది. దాని ఒరను గూర్చి ఆలోచించువారు కొందరే. అయినను కత్తి చేతిలో నుండు కాలము స్వల్పము, ఒరలో నుండు కాలము అధికము. తాటిచెట్టు నెక్కు గీతకారుని చూడుడు. అతడు మోకు నాధారముగా చేసికొని, కత్తిని నడుమున కట్టుకొని పైకెక్కును. కత్తి జారినయెడల క్రింద నున్నవారికి అపాయము. ఒర చినిగినయెడల అతనికే అపాయము. 2024లో తెలంగాణ ప్రభుత్వము గీతకారులకు కాటమయ్య రక్షణ కవచమను సామగ్రిని ఇయ్య నారంభించెను. అది మనుష్యుడు పడకుండ కాపాడుటకు ఏర్పడినది. కత్తి పడకుండ కాపాడుట ఒర పని.

మన నగరమందలి సాలార్‌జంగ్ మ్యూజియమునకు పోయిన విద్యార్థులు పూర్వపు ఖడ్గములను, బాకులను చూచియుందురు. ఆ కాలమున ఒరను సాధారణముగా కొయ్యతో చేసి, పైన తోలుగాని మఖమలుగాని తొడిగెడివారు. పనివాండ్రకు ఉత్త తోలు ఒరయే చాలును. తోలు మెత్తనిది, చప్పుడు చేయదు, చిరకాలము మన్నును. కాని అది నీటిని పీల్చును. తంగేడు మొదలగు చెట్ల బెరడుతో పదను చేసిన తోలులో వగరు ఆమ్లములు మిగిలియుండును. అందుచేత దీర్ఘకాలము అందులో నుంచిన కత్తికి ఇత్తడి తగిలినచోట పచ్చని చిలుమును, ఉక్కు తగిలినచోట త్రుప్పును పట్టును.

ఈ లోపము లేని పదార్థములలో కైడెక్స్ అను ప్లాస్టిక్ రేకు ఒకటి. అమెరికా దేశమున రోమ్ అండ్ హాస్ కంపెనీవారు 1965లో దీనిని విమానముల లోపలి భాగములకొఱకు తయారుచేసిరి. మన ఇండ్లలో నీటిగొట్టములకు వాడు పి.వి.సి.ని, అక్రిలిక్‌ను ఇందులో కలిపియుందురు. అక్రిలిక్ వలన బిగువును, పి.వి.సి. వలన పగులని గట్టిదనమును కలుగును.

ఇట్టి ప్లాస్టిక్కులకు థర్మోప్లాస్టిక్ అని పేరు. అనగా వేడికి మెత్తబడి, చల్లారగానే గట్టిపడునవి. ఈ గుణము మనకు క్రొత్తది కాదు. చార్మినారు చెంత లాడ్ బజారులో లక్కను సెగపై మెత్తపరచి, సాగదీసి, గాజుగా వంచుదురు. ఆ హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. పూర్వము ఖడ్గపు పిడిలో అలుగును బిగించుటకును లక్కనే కరగించి పోసెడివారు. అయితే కాల్చిన కుండ మరల మట్టిముద్ద కానేరదు. 1907లో కనుగొనబడిన బేకలైటు ఈ రెండవ జాతికి చెందినది. బేకలైటులోని అణువుల గొలుసులు ఒకదానితో నొకటి ముడిపడియుండుటచే కదలజాలవు. థర్మోప్లాస్టిక్‌లోని గొలుసులకు అట్టి ముడులు లేవు గనుక వేడి తగిలినపుడు ఒకదానిమీద నొకటి జారును.

ఒరను చేయు విధము సులభమే. సుమారు 2 మిల్లీమీటర్ల మందముగల రేకును 160 మొదలు 175 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేసినచో అది తోలువలె వంగును. వెంటనే దానిని కత్తి చుట్టును మడిచి, దళసరి స్పంజి పరచిన రెండు చెక్కల నడుమ నుంచి అదిమిపట్టుదురు. కొన్ని నిమిషములలో అది గట్టిపడి కత్తి ఆకారమును పొందును. పిమ్మట అంచును బోలు రివెట్లతో బిగించి, నీరు పోవుటకు అడుగున ఒక రంధ్రము విడుతురు. పొరపాటు జరిగినయెడల మరల వేడిచేసి సరిచేయవచ్చును. ఈ పని పెద్దల సమక్షమున, గాలి వీచు చోటనే జరుగవలెను. ఏలయన మిక్కిలి కాగి మాడినచో పి.వి.సి.నుండి ఊపిరితిత్తులకు హానిచేయు హైడ్రోజన్ క్లోరైడు వాయువు వెలువడును.

ఈ ఒర వానకు నానదు, చెమటకు చెడదు, నూనె మరక కడిగిన పోవును. తలక్రిందులు చేసినను కత్తి జారదు. అయినను దీనికిని హద్దులు కలవు. సుమారు 80 డిగ్రీల వేడికి ఇది బిగువు కోల్పోవ నారంభించును. కావున మే నెల యెండలో తలుపులు మూసిన మోటారుకారు అద్దము క్రింద దీనిని విడువరాదు. లోపల ఇసుక చేరినచో అలుగుమీద గీతలు పడును. అప్పుడప్పుడు కడిగి ఆరబెట్టవలెను.

వడ్రంగి ఉలికి, వంటింటి కత్తికి, విద్యుత్పనివాని పనిముట్లకు, విద్యార్థి వృత్తలేఖినికి సయితము ఈ రేకుతో తొడుగు చేయవచ్చును. ఇట్టివే మఱికొన్ని థర్మోప్లాస్టిక్కులు సుమారు 65 డిగ్రీల వేడినీటిలోనే మెత్తబడును. వైద్యశాలలలో వానిని గాయపడిన చేతికి తగినట్లు వంచి ఆధారపుకట్టుగా అమర్చుదురు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇముడవని మన పెద్దల సామెత. ఈ ఒర విషయమున అది మఱింత నిజము. రెండవ కత్తిని ఒంటిగా పెట్టినను పట్టదు. ఏ కత్తిపై అచ్చు తీసితిమో దానికే అది ఒర. కావున ఒరను కొనువారు ధరను, రంగును చూచుటకు ముందు తమ కత్తిని వెంట తీసికొనిపోయి, అందులో నుంచి, తలక్రిందులుగా ఒకమాఱు ఊపి చూడవలెను.