క్లిక్కు వెల

పత్రికను నిలబెట్టునది పాఠకుని చందా ఒక్కటే కాదు, ప్రకటనల రాబడి కూడ అనుట అందరును ఎరిగినదే. అయితే అచ్చు పత్రికలో ప్రకటన వేయించిన వ్యాపారికి ఒక చిక్కు ఎప్పుడును ఉండెడిది. తాను వెచ్చించిన సొమ్ము ఎందరిని తన అంగడివైపు నడిపించినదో అతనికి తెలియదు. ఇంటర్నెట్టు ఆ చిక్కును చాలవరకు తీర్చినది; దాని వెంట మరియొక చిక్కును తెచ్చినది.

1994 అక్టోబరు 27న అమెరికాలో హాట్‌వైర్డ్ అను పత్రిక తన వెబ్ పుటలపై ప్రకటన పట్టీలను పెట్టినది. వానిలో ఏ.టి.అండ్.టి. టెలిఫోను సంస్థది ఒకటి. పాఠకుడు పట్టీపై నొక్కినచో వ్యాపారి పుట తెరచుకొనును. ఈ నొక్కుటనే క్లిక్కు అనుచున్నాము. 1998లో బిల్ గ్రాస్ ఆధ్వర్యమున వెలసిన గోటూ సంస్థ ఈ క్లిక్కులను వేలమునకు పెట్టినది. ప్రకటన కనబడినంత మాత్రాన రుసుము లేదు, నొక్కిననే రుసుము. గూగుల్ 2002లో ఈ పద్ధతిని సవరించి చేపట్టినది; 2003లో యాడ్‌సెన్స్ పేర ఇతరుల పుటలకును విస్తరింపజేసినది.

ఈ వేలములో హెచ్చు పాటగానికే చోటు దక్కునను నియమము లేదు. ఒక వ్యాపారి క్లిక్కుకు 10 రూపాయలు పాడెననుకొందము; అతని ప్రకటనను నూరుగురిలో ఒక్కరే నొక్కుదురు. వేరొకరు 5 రూపాయలే పాడిరి. కాని ముగ్గురు నొక్కుదురు. మొదటి ప్రకటన వలన 10, రెండవదాని వలన 15 రూపాయలు వచ్చును. కనుక చోటు రెండవవారిది.

ఇక పుట యజమానికి మిగులునదేమి? రచనల ప్రక్కన వేయు ప్రకటనల రాబడిలో 68 శాతము యజమానులకు ఇచ్చుచున్నట్లు గూగుల్ 2010లో వెల్లడించినది. వేయిమంది పుటను చూచి, పదిమంది ప్రకటనను నొక్కి, ప్రతి క్లిక్కుకు 5 రూపాయలు వచ్చిననుకొన్నచో మొత్తము 50 రూపాయలు. అందులో యజమాని పాలు 34. నెలకు 3,400 రూపాయలు రావలెనన్నను లక్షమంది రావలెను.

చిక్కంతయు ఈ లెక్కలోనే ఉన్నది. లెక్కకు వచ్చినది రాకపోకలే గాని చదువు కాదు. నెలలు శ్రమించి వ్రాసిన వ్యాసమునకును, "ఇది తెలిస్తే నివ్వెరపోతారు" వంటి శీర్షిక క్రింది నాలుగు ముక్కలకును త్రాసు ఒక్కటే. అందుచేత శీర్షిక గాలమైనది. ఇంకను తెగించినవారు తమ ప్రకటనలను తామే నొక్కుటకు, కూలికి నొక్కించుటకు పూనుకొనిరి. అట్టి దొంగ క్లిక్కులను ఏరివేయుట సంస్థలకు నిత్యకృత్యమైనది. 2024 నుండి యాడ్‌సెన్స్ యజమానులకు క్లిక్కునుబట్టి గాక, ప్రకటన కనబడిన పర్యాయములనుబట్టి చెల్లించుచున్నది. అయినను రాకపోకల ఆశ తగ్గలేదు. వ్యాపారులు క్లిక్కుకు వెల పాడు పద్ధతియు పోలేదు.

2018లో యాడ్‌సెన్స్ తెలుగు పుటలకును తలుపు తెరచినది. మన భాషలో వ్రాయువారికి నాలుగు రూపాయలు రావుట సంతోషింపదగినదే. ఆ మార్గముననే గాలము కూడ మన భాషలోనికి వచ్చినది. కావున ఉపాధ్యాయులు తరగతిలో అప్పుడప్పుడు ఒక శీర్షికను నల్లబల్లపై వ్రాసి, దాని క్రింది విషయమును చదివించి, శీర్షిక ఇచ్చిన మాట నిలిచినదా అని విద్యార్థులను అడుగుట మేలు. వ్యాకరణ పాఠమునకు అది తీసిపోదు. పాఠకుని చూపుకు వెల కట్టి పాడువారు ఉన్న కాలమున, ఆ చూపును ఎచ్చట నిలుపవలెనో తెలియుట కూడ చదువే.