నేతచీర నాలుగు ఆశ్రమాలు

మహేశ్వరం మండలంలోని రావిర్యాల ఒకనాడు చెరువు, చేను, పశువుల మందలు గల పల్లె. 2008లో శంషాబాదులో విమానాశ్రయం ప్రారంభమైనది. ఊరి పక్కగా అవుటర్ రింగురోడ్డు వచ్చినది. 2016లో వండర్‌లా వినోదవనం, 2023లో విజయ డెయిరీ వారి పెద్ద పాల కర్మాగారం వెలిసినవి. ఆ చుట్టుపట్ల నేడు బహుళ అంతస్తుల ఇండ్లు లేస్తున్నవి. ఈ ఇండ్లలో చీర ఉయ్యాల కట్టుకొనుటకు దూలము లేదు. బొంతలు దాచుకొనుటకు అటుక లేదు. అందుచేత బీరువా నిండగానే పాతబట్టలు సంచులకెక్కి క్రిందికి దిగిపోతున్నవి. స్టీలు సామాను అమ్మవచ్చిన వారు మంచి చీరలకు ఒక గిన్నె ఇచ్చి తీసుకొనిపోతారు. చిరుగుపడిన నూలుచీరను సాధారణంగా వద్దంటారు. అది చెత్తబుట్టకు పోతుంది. నిజానికి ఇంటిల్లిపాది ఆరోగ్యానికి ఎక్కువగా ఉపకరించేది ఆ చిరుగుపడిన నూలుచీరయే.

లోకంలో వస్తువులు రెండు విధాలు. కొన్ని పాతబడినకొద్దీ మేలు చేస్తాయి. కొన్ని పాతబడినకొద్దీ కీడు చేస్తాయి. ఈ భేదం ఎరిగి వాడుకొనుటయే పొదుపు. ఎరుగక వాడుకొనుట లోభము. మనిషికి నాలుగు ఆశ్రమాలు చెప్పినట్లే మన పెద్దలు నేతచీరకు కూడా నాలుగు దశలు కల్పించి, ఏ దశలోనూ దానిని వ్యర్థం కానీయలేదు.

మొదటి దశ: కట్టుబట్ట

నూలు చెమటను పీల్చుకొని గాలిని ఆడనిస్తుంది. చెమటకాయలు, తొడల ఒరిపిడి, చర్మపు దురదలు గలవారికి వేసవిలో నూలుబట్టను మించిన పథ్యం లేదు. అయితే నూలు కూడా ఊరకే పుట్టదు. ఒక్క నూలు టీషర్టు తయారగుటకు సుమారు 2,700 లీటర్ల నీరు ఖర్చవుతుందని వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్ అంచనా. కనుక పది చౌక చీరలు కొని రెండేసి మార్లు కట్టుటకంటె, ఒక్క మంచి నేతచీర కొని పదేండ్లు కట్టుట ఉత్తమం. రావిర్యాలకు ఈశాన్యాన ఉన్న భూదాన్ పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసినది. ఆ ఊరి పేరు ప్రపంచానికి తెలిసినది మగ్గం వలననే.

చీరను గంజితో దాచినచో పురుగు పడుతుంది. గంజి పోవునట్లు ఉతికి, బాగుగా ఆరిన తరువాత ఎండిన వేపాకుతో మడిచి దాచవలెను.

రెండవ దశ: బొంత

అంచులు చిరిగిన చీరలు నాలుగైదు పరచి, పొరపై పొర వేసి, మూలనుండి మూలకు దారపు కుట్టు వేసినచో బొంత సిద్ధమగును. దీనికి కుట్టుమిషను అవసరం లేదు. ఎండకాలపు మధ్యాహ్నాలలో అత్తాకోడళ్ళు చెరొక అంచున కూర్చుండి కుట్టెడివారు. ఏ పెండ్లినాటి చీర ఏ పొరలో ఉన్నదో కుట్టినవారికే ఎరుక. పలుమార్లు ఉతికిన నూలు మెత్తబడి ఉండుటచే పసిపిల్లల లేతచర్మానికి, మంచముపట్టిన వృద్ధుల వీపుకు బొంత ఎంతో హితకరం.

ఉబ్బసము, తుమ్ముల బాధ గలవారు మాత్రం బొంతను తరచు ఉతుకవలెను. 55 డిగ్రీలకు పైబడిన వేడినీటిలో ఉతికినచో దుమ్ములో పెరిగే డస్ట్ మైట్స్ అనే సూక్ష్మక్రిములు చనిపోతాయి. పిమ్మట ఎర్రని ఎండలో పూర్తిగా ఆరనీయవలెను.

మూడవ దశ: ఔషధవస్త్రం

ఆయుర్వేదంలో వస్త్రం లేనిదే ఔషధం లేదనవచ్చును. ఎండిన మూలికను దంచి బట్టలో జల్లించినదే చూర్ణమని శార్ఙ్గధరుడు నిర్వచించెను. పచ్చి ఆకును నూరి బట్టలో పిండినదే స్వరసం. సుశ్రుతుడు గాయాలకు పదునాలుగు విధాల కట్లను చెప్పి, కట్టు వస్త్రాలలో నూలును, ఉన్నిని, పట్టును పేర్కొనెను.

పాతవస్త్రపు గొప్పదనాన్ని నేటి విజ్ఞానశాస్త్రం కూడా పరీక్షించి చూచినది. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో 65 గ్రామాల స్త్రీలు చెరువు నీటిని అనేక మడతల పాతచీరలో వడగట్టినప్పుడు, కలరా 48 శాతం తగ్గినదని 2003లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించినది. కలరా క్రిములు నీటిలోని సూక్ష్మజీవులను అంటిపెట్టుకొని ఉంటాయి. అవి మడతలలో చిక్కుకొంటాయి. ఇందులో ఒక విశేషమున్నది. కొత్త చీరకంటె పాతచీరయే మేలుగా వడగట్టినది. ఉతికినకొద్దీ నూలుపోగులు విచ్చుకొని, కన్నాలు సన్నబడుటయే దీనికి కారణం. వడగట్టుట నీటిని కాచుటకు బదులు కాదు. వడగట్టిన నీటిని కూడా కాచి త్రాగవలెను.

ఇంట దాచుకొనవలసిన ఔషధవస్త్రాన్ని ఇట్లు సిద్ధం చేసుకొనవచ్చును. రంగు పోని మెత్తని పాత నూలుచీరను చేతిరుమాళ్ళంత ముక్కలుగా కత్తిరించి, పది నిమిషాలు నీటిలో మరిగించి, ఎండలో ఆరవేసి, ఇస్త్రీ చేసి, మూతగల డబ్బాలో పెట్టవలెను. దాని ఉపయోగాలివి:

1. కాపడం: గుప్పెడు రాళ్ళ ఉప్పును మూకుడులో వేయించి, రెండు మడతల బట్టలో మూటగట్టి, మొదట మీ ముంజేతిపై తాకించి వేడి చూచి, పట్టేసిన మెడకు, నడుముకు కాపడం పెట్టవలెను. కొత్త దెబ్బకు మొదటి రెండు రోజులు, ఎర్రబడి వాచిన కీళ్ళకు, స్పర్శ తగ్గిన మధుమేహ రోగుల పాదాలకు కాపడం పనికిరాదు. తీవ్రమైన కడుపునొప్పికి కాపడంతో కాలయాపన చేయక వైద్యుని చూడవలెను.

2. వాము మూట: జలుబు చేసినప్పుడు చెంచాడు వామును నలిపి, పలుచని బట్టలో మూటగట్టి, పెద్దలు వాసన చూచుచుండవచ్చును. పసిబిడ్డల ముక్కు దగ్గర పెట్టరాదు.

3. తడిగుడ్డ: జ్వరంలో గోరువెచ్చని నీటిలో తడిపిన బట్టతో ఒళ్ళు తుడిచినచో హాయిగా ఉండును. మంచునీరు వద్దు.

4. వడగట్టు గుడ్డ: కషాయాలకు, అల్లపు రసానికి విడిగా ఒకటి ఉంచుకొనవలెను.

లోతైన గాయాలకు మాత్రం వైద్యశాలలో శుద్ధిచేసిన గాజుగుడ్డయే శరణ్యం.

ఇక్కడ గృహిణులకు ఒక హెచ్చరిక. నేడు నూలువలె కనిపించే చీరలలో అనేకం పాలిస్టరు కలిసినవి. వాటిలో వేడి ఉప్పు మూటగట్టినచో బట్ట కరిగి చర్మానికి అంటుకొని కాలును. కనుక ముందుగా ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టి, సింకు వద్ద నిప్పు అంటించి చూడవలెను. కాగితం కాలిన వాసనవచ్చి మెత్తని బూడిద మిగిలినచో నూలు. ముడుచుకొని కరిగి గట్టి పూసవలె మిగిలినచో పాలిస్టరు కలిసినది.

నాలుగవ దశ: వత్తి, మట్టి

ఇక ఏ పనికీ రాని పీలికలు దీపపు వత్తులగును, పొయ్యిగట్టు తుడిచే గుడ్డలగును. చివరకు కుండీ మట్టిలో కలిపినచో కుళ్ళి మట్టియగును. పాలిస్టరుకు ఈ సద్గతి లేదు. ఉతికినప్పుడెల్లా సన్నని ప్లాస్టిక్ నూగు విడుచుచు నీటిలో కలుస్తుంది.

అన్నిటినీ మళ్ళీ వాడరాదు

పొదుపు పేరిట కొన్ని వస్తువులను తిరిగి వాడుట ప్రమాదకరం. రంగుల డబ్బాలలో నీరు, పచ్చళ్ళు నిలువ చేయరాదు. పాత ప్లాస్టిక్ డబ్బాలలో వేడి పులుసు పోయరాదు. వార్తాపత్రికలో బజ్జీలు చుట్టరాదు. అచ్చుసిరాలోని రసాయనాలు నూనెలో కలుస్తాయని మన దేశపు ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించినది. కాగిన నూనెను పదే పదే కాచరాదు. అందులోని పోలార్ పదార్థాలు 25 శాతం మించిన నూనెను వాడరాదని 2018 జూలై నుండి నియమమున్నది.

పాలప్యాకెట్టు మూలను కత్తిరించినప్పుడు ఆ చిన్న ముక్కను వేరు కానీయక ప్యాకెట్టుకే అంటి ఉండునట్లు చూడవలెను. ఆ ముక్కలే ఏరుకొనువారి చేతికి చిక్కక కాలువల పాలవుతాయి. ప్యాకెట్లను కడిగి, ఆరబెట్టి పాతసామాను వారికి ఇవ్వవచ్చును. ఓపిక గలవారు పేని చాపలు, సంచులు అల్లుకొనవచ్చును. వాటిపై వేడి గిన్నెలు మాత్రం దింపరాదు.

మనము నేడు నూలుచీర కట్టనిచో పదేండ్ల తరువాత మన ఇంట పాత నూలుచీర ఉండదు. బాలింతరాలై కూతురు పుట్టింటికి వచ్చిన నాడు బిడ్డను పొత్తిళ్ళలో చుట్టుటకు మెత్తని గుడ్డ అంగడిలో కొనవలసివస్తుంది. ఏండ్ల తరబడి ఉతికి, ఆరవేసి, కట్టి విడిచినందున వచ్చిన ఆ మెత్తదనం మాత్రం అంగడిలో దొరకదు. ఈసారి బీరువా సర్దునప్పుడు చిరిగిన నూలుచీరను పారవేయక ఒక డబ్బాకెత్తండి.